‘దింపండి’ అనబోయి ‘దిగండి’ అన్నాను

2023 వానాకాలంలో కోకాపేటలోని ఒక ఆఫీసు టవర్‌లో నాకు పని పడింది. సాఫ్ట్‌వేర్ పని కాదు. ఆ టవర్‌ను ఊడ్చి తుడిచే హౌస్‌కీపింగ్ ఆడవాళ్ల రోజు ఎలా గడుస్తుందో తెలుసుకోవడం. నేను సామాజిక పరిశోధకుణ్ని. అక్కడ మేం వాడిన పద్ధతిని ఫోటోవాయిస్ అంటారు. ఇందులో పరిశోధకుడు ఫోటోలు తీయడు, కెమెరాను వాళ్ల చేతికే ఇస్తాడు. వాళ్లు తీసిన ఫోటోలను మధ్యలో పరుచుకుని ఒక్కోదాని గురించి వాళ్లే మాట్లాడతారు. చివర్లో నిర్ణయాలు తీసుకునేవాళ్ల కళ్లబడేచోట ప్రదర్శన పెడతాం.

ఫోటోల విషయంలో నాకు పట్టింపు ఉంది. గోదావరి జిల్లాలో మా ముత్తాతగారి రోజుల్లో ఫోటోగ్రాఫర్ పెట్టె కెమెరాతో పడవెక్కి మా లోగిలికి వచ్చేవాడు. మావాళ్లు అతని దగ్గరికి వెళ్లేవాళ్లు కాదు. ఇప్పుడు లోగిలీ లేదు, భూములూ లేవు. ఆ ఫోటోలు మాత్రం మియాపూర్‌లోని నా అద్దె ఫ్లాట్ గోడ మీద ఉన్నాయి. అందరూ నిటారుగా, పెదవులు బిగించి ఉంటారు. కెమెరా ముందు పళ్లు కనబడనివ్వడం మా ఇంట్లో మర్యాద కాదు.

మొదటి రోజు పదిమంది దాకా వచ్చారు. వాళ్లలో పెద్దది యాదమ్మ, పుప్పాలగూడ మనిషి. కాగితాల మీద సంతకాలయ్యాక ఆమె సూటిగా అడిగింది.

“ఫోటోలు గిట్ల సరే సార్. మాకు కూసోని తిననీకి జర జాగ దొరుకుతదా?”

వాళ్ల మధ్యాహ్నం భోజనం బేస్‌మెంట్‌లో, జనరేటర్ గది పక్కన. టవర్ ముందు చెట్ల కింద రాతి బెంచీలున్నాయి. హౌస్‌కీపింగ్ వాళ్లను అక్కడ కూర్చోనివ్వరు. ఇప్పిస్తానని మాట ఇవ్వలేను, అడగడానికి దారి చూపగలను అన్నాను. ఆమె తలూపింది.

ఇక కెమెరాలు పంచాలి. మా వైపు ఫోటో తీయడం అంటాం. ఇక్కడ దింపడం అంటారు. ఆ మాట నేర్చుకున్న ఉత్సాహంలో లేచి నిలబడి, గంభీరంగా, “వారం రోజులు మీ ఇష్టమున్నకాడ ఫోటోలు దిగుండ్రి” అన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత మహా సంతోషంగా కెమెరాలు పట్టుకుపోయారు.

వారం తర్వాత ప్రింట్లు బల్ల మీద పరిచాను. చీపుళ్లు లేవు, బకెట్లు లేవు. డ్యూటీ అయ్యాక యూనిఫాం విప్పేసి, పెళ్లికి పోయినట్టు పట్టుచీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని అందరూ నవ్వుతూ నిలబడ్డారు. బోరబండ నుంచి వచ్చే సరిత అయితే నల్ల కళ్లద్దాలు పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది.

“ఇదేమిటమ్మా? అన్నిట్లో మీరే ఉన్నారు!”

“మీరే గద సార్ దిగుండ్రి అన్నరు. దిగినం.”

“తీయమనే కదా నేను చెప్పింది?”

“అయ్యో! గట్లయితే దింపుండ్రి అనాలె సార్!” సరిత బల్ల మీద తల పెట్టి నవ్వింది. “ఆంధ్ర సార్ మన భాష మాట్లాడిండే, మనల్ని హీరోయిన్లను చేసిండే!”

గది గదంతా నవ్వింది. నేను నవ్వలేదు. మళ్లీ తీసుకురమ్మందామని ప్రింట్లు దొంతి పెడుతుంటే ఒక విషయం కంటబడింది. అన్నిటి వెనకా ఒకటే గోడ. బూడిద రంగు, ఒక మూలన ఎర్ర పైపు.

“అందరూ ఇక్కడే ఎందుకు దిగారు?”

నవ్వులు కాస్త తగ్గాయి. “అది జనరేటర్ రూం గోడ సార్,” అంది సరిత. “నేను ఫౌంటెన్ కాడ దిగుదమనుకున్న. గార్డు పొమ్మన్నడు. లాబీల నిలవడితే ఇంకొకడొచ్చిండు. ఇగ గీ గోడకాడ ఎవ్వరేమనరు.”

“నువ్వెక్కడ దిగుదామనుకున్నావు యాదమ్మా?”

“బెంచీల కాడ. టవర్ రాకముందు గాడ మా నాయిన జొన్న ఏస్తుండె సార్. పట్టుచీర కట్టుకొని పోతే, ఎవరు కావాలమ్మా అని గార్డు అడిగిండు.”

ఆ గార్డు మాట నాకు గుచ్చుకుంది. ప్రింట్లు మళ్లీ పరిచాను. ఒక్కటీ మార్చలేదు. ఒక్కో ఫోటో కింద వాళ్లు చెప్పిన మాటే అచ్చు వేయించాం. నల్లద్దాల సరిత కింద ‘ఫౌంటెన్ కాడ’, మల్లెపూల యాదమ్మ కింద ‘మా చేన్ల, బెంచీ మీద’. వెనక మాత్రం అదే గోడ, అదే పైపు.

లంచ్ వేళ లాబీలో ప్రదర్శన పెట్టాం. సాఫ్ట్‌వేర్ పిల్లలు ముందు నవ్వారు, తర్వాత ఆగిపోయి చదివారు. ఒకమ్మాయి అడిగింది: “అన్నిటికీ ఒకే బ్యాక్‌గ్రౌండ్ ఎందుకండి?” నేను యాదమ్మను చూపించాను. ఈ పద్ధతిలో జవాబు ఫోటోలో ఉన్నవాళ్లదే. ఫెసిలిటీ మేనేజర్, అంటే టవర్ బాగోగులు చూసే పెద్దాయన, పక్కనే ఉండగా యాదమ్మ నిదానంగా అంతా చెప్పింది.

ఆయన ఇబ్బందిగా కదిలాడు. “బెంచీల మీద కూర్చోకూడదని రూలేమీ రాసి లేదండి...”

“రాసి లేదా సార్?” సరిత అందుకుంది. “అయితే ఇగ కూసుంటం. పా యాదమ్మత్తా, అన్నం చల్లారుతది!”

టిఫిన్ డబ్బాలతో అందరూ బయటికి నడిచారు. గార్డు మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ ఫోటోల వైపు చూశాడు. “కూర్చోనివ్వండి,” అన్నాడు. “రేపు కూడా.”

ఆ రోజు బెంచీల మీద డబ్బాలు తెరుస్తుంటే ఇన్నాళ్ల ఆకలి ఒక్కసారే పుట్టినట్టు ఒకటే గోల. యాదమ్మ తన పక్కన చెయ్యి తట్టింది.

“రాండ్రి సార్, ఫోటో దిగుండ్రి. ఈసారి దిగుండ్రనే అంటున్న.”

కూర్చున్నాను. కెమెరా పట్టుకున్న సరితకు నచ్చలేదు. “కట్టె మింగినట్టు కూసున్నరేంది సార్! జర వంగుండ్రి!”

“మా ఇంట్లో ఎవరూ వంగరమ్మా,” అన్నాను.

“వంగకుంటే వంగకపోతిరి, నవ్వుండ్రి!”

ఆ తర్వాత ఏ బస్తీలో పనిచేసినా మొదటి వారం దిగమనే చెబుతున్నాను, ఇప్పుడు తెలిసే. మీ కష్టాలు తీసుకురండి అంటే మనకు నచ్చే కష్టాలే వస్తాయి. నీకు ఎక్కడ నిలబడాలనుంది అని అడిగితే, ఎక్కడ నిలబడనివ్వలేదో అదే బయటపడుతుంది. ఫోటోవాయిస్ గురించి నేను చెప్పగలిగింది అదే.

సరిత దింపిన ఫోటోకు ఫ్రేమ్ కట్టించి మా ముత్తాతగారి ఫోటో పక్కనే పెట్టాను. నా వీపు ఆయనంత నిటారుగానే ఉంది. పళ్లు మాత్రం, మా వంశంలో మొదటిసారి, అన్నీ కనబడుతున్నాయి.