ఆగయ్య ఫ్రెష్ అన్నదే ఫ్రెష్

ఆగయ్యకు ఇంగ్లీషులో రెండు మాటలే వచ్చు. ఆ రెండింటితోనే, వలస వచ్చిన పర్వత్ పాటియాలో పన్నెండేళ్లుగా బతుకు నడుపుతున్నాడు. మరమగ్గాల కార్ఖానాలో బట్ట మడతపెట్టే ఫోల్డింగ్ ఖాతాలో అతను బట్ట చూసే మనిషి. సాంచెలనే ఆ మగ్గాల మీది నుంచి దిగిన బట్ట తానును లైటు బల్ల మీద లాగుతూ చూస్తాడు. మచ్చ, గీత, చిల్లు లేకపోతే ఫ్రెష్. ఏ ఒక్కటి ఉన్నా సెకండ్. మూడో మాట లేదు.

ఇంటికొచ్చినా ఆ చూపు మారదు. భార్య కనకవ్వ వండిన పప్పులో పలుకు తగిలితే సెకండ్. పక్కగది దశరథం అదే కార్ఖానాలో రాత్రి పాళీ, అంటే రాత్రి షిఫ్టు, చేసి, పగలు పడుకొని లేచి, జర ఫ్రెష్ అయి వస్తానని నల్లా దగ్గరికి పోతుంటే, మొహం కడిగితే పోయేదాన్ని మచ్చ అనరని ఆపి మరీ చెప్పేవాడు. చేపలమ్మే ఆమె ఫ్రెష్ మాల్ అని అరిస్తే, పొలుసు ఊడినచోటు వెతికి చూపించి బేరం మొదలుపెట్టేవాడు.

కూతురు నవత పదో తరగతి దాకా చదివింది. ఒకరోజు డిక్షనరీ తెచ్చి తండ్రి ముందు కూర్చుంది. కొత్తదాన్ని ఫ్రెష్ అంటారట, వాడిపోనిదాన్ని అంటారట. ఉప్పులేని నీళ్లనూ, చల్లగాలినీ, నిన్నగాక మొన్న పనిలో చేరినవాణ్ణీ, చివరికి ఆడపిల్ల దగ్గర చనువు తీసుకునేవాణ్ణి కూడా అంటారట. మచ్చలేని బట్ట అని మాత్రం అందులో ఎక్కడా రాయలేదు. ఆగయ్య అంతా విన్నాడు.

"గన్ని అర్థాలున్నయంటె ఆ మాటనే సెకండ్ బిడ్డా," అన్నాడు.

ఆ ఏడు, తొంభై ఆరులో, వినోద్ నేసిన తానులు సెకండ్‌లోకి పోవడం మొదలైంది. వినోద్ సిరిసిల్ల దిక్కు పిల్లవాడు, మంచి పనిమంతుడు. కార్ఖానా అంతా ఆగయ్యను కాకా అని పిలిస్తే వాడొక్కడే మామా అంటాడు. సెకండ్ ముద్ర వేసినా, సరే మామా, అని నవ్వుకుంటూ పోతాడు. ఆ నవ్వే ఆగయ్యకు అంతుపట్టలేదు.

పడుగులో పోగు తెగితే వెంటనే సాంచె ఆపి ముడి వేయాలి. ఆపకపోతే బట్ట పొడుగునా గీత పడుతుంది. వినోద్ బట్టలో జానెడు, మూరెడు గీతలు. వాటి చుట్టూ చాక్‌పీసుతో సున్నాలు చుడుతూ పోతుంటే ఆగయ్యకు ఒకటి తట్టింది. ఎవరు నేసింది ఎంతో తెలియడానికి, పాళీ మారినప్పుడల్లా పనివాళ్లు బట్ట మీద గుర్తు పెడతారు. పొద్దుటి గుర్తుకూ సాయంత్రపు గుర్తుకూ నడిమధ్యనే గీత వస్తోంది. ఏ తాను చూసినా అంతే. అదీ వినోద్ నడిపే సాంచెల్లో గోడవైపు వాటికే. తలుపువైపు సాంచెల బట్ట అద్దంలా ఉంది. అంటే నడి పగలు పిల్లవాడు గోడవైపు సాంచెలకు వీపు పెట్టి తలుపు వైపు చూస్తున్నాడు.

నడి పగలు ఆ తలుపులోంచి వచ్చేది ఆగయ్య అన్నం డబ్బా. తెచ్చేది నవత.

ఇంటికి పోయి ఈ సంగతి చెబితే కనకవ్వ బియ్యం చెరగడం ఆపలేదు.

"అందరు కాకా అనవట్టె. వాడు గూడ గట్లంటె నవత చెల్లెలైతదని మామా అన్నడు. బట్టల ఎంట్రుకంత గీత కండ్లవడ్తది గని, నీకు గిది కండ్లవడలె."

మర్నాటి నుంచి డబ్బా కనకవ్వే తేవాలన్నాడు ఆగయ్య. దానితో గీతలు పోతాయనుకున్నాడు. వారం తిరిగేసరికి తలుపువైపు సాంచెల బట్టకూ గీతలు పడ్డాయి. నవత ఎప్పుడొస్తుందో తెలియని వినోద్ పొద్దుటి గుర్తు నుంచి సాయంత్రపు గుర్తు దాకా తలుపే చూస్తున్నాడు. కార్ఖానా యజమాని సేఠ్ తానులు విప్పించి చూసి, ఒకటో తారీఖు నుంచి ఆ సాంచెల మీద వేరే మనిషిని పెట్టమన్నాడు. వినోద్ వేరే ఊళ్లో, కిమ్‌లో, పని మాట్లాడుకున్నాడు. పోతున్నా మామా, అని చెప్పడానికి వచ్చినప్పుడు నవ్వలేదు.

పీడ వదిలిందనుకుంటూ ఆగయ్య ఇల్లు చేరాడు. కబురు దశరథం నోట అప్పటికే ఇంటికి చేరింది. నవత కంచం ముందు కూర్చుని తినడం లేదు.

"వాడు నీతోని ఏమన్న మాట్లాడిండా?"

"లేదు బాపూ. సూస్తడు, గంతే."

"మరి నువ్వు?"

నవత కంచం అంచును వేలితో రాస్తూ, "నేను డబ్బ ఇచ్చినంక జర నిమ్మలంగ నడుస్త," అంది. తర్వాత, "కిమ్‌కు పోనియ్యకు బాపూ," అంది.

ఆగయ్య తన కంచం పక్కకు జరిపి లేచాడు. బట్టలో తప్పు చూపించడమే అతని పని. దాన్ని సరిచేసే పని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

పొద్దున నేరుగా సాంచెల దగ్గరికి పోయాడు. ఆ మోతలో మనిషి మాట మనిషికి వినబడదు. వినోద్ సాంచెను తన చేత్తో ఆపాడు, దాని పక్కదాన్నీ ఆపాడు.

"ఈడ మీ పెద్దోళ్లు ఎవరున్నరు?"

"ఇచ్ఛాపూర్ల మా చిన్నాయిన ఉన్నడు మామా."

"ఐతారం తోల్కరా."

వినోద్ తల దించుకున్నాడు. "నా బట్టంత సెకండని ఆయనకు గూడ చెప్తవా?"

"బట్ట సంగతి నేను చూస్కుంట. ఆయనను పిల్లనడగ రమ్మను."

అక్కణ్ణుంచి సేఠ్ దగ్గరికి పోయి, పిల్లవాణ్ణి తీసేయవద్దని, రాత్రి పాళీకి మార్చమని అడిగాడు. రాత్రి ఆ తలుపులోంచి టీ కెటిల్ తప్ప ఇంకేదీ రాదన్నాడు. సేఠ్ ఒక నెల చూస్తానన్నాడు. నెల తిరక్కుండానే వినోద్ తానులన్నీ ఫ్రెష్. పెళ్లి వచ్చే ఎండాకాలానికి కుదిరింది. కనకవ్వకు మోకాళ్ల నొప్పులు వచ్చి, డబ్బా మళ్లీ నవత చేతికి వచ్చింది.

రాత్రి పాళీవాడికి పగలంతా ఖాళీ. గదిలో నిద్రపోవాల్సిన వినోద్ నడి పగలు కార్ఖానా సందు మొదట్లో టీ బండి దగ్గర నిలబడుతున్నాడు. ఒంటి గంటకు రావాల్సిన డబ్బా రెండింటికి వస్తోంది. ఆగయ్య చల్లారి గడ్డకట్టిన అన్నం విడదీసుకుని తింటాడు. సాయంత్రం కనకవ్వ అడిగితే, అన్నం వేడిగానే ఉందంటాడు.