దేవదానం అడగని క్వార్టర్

2022వ సంవత్సరం. ఆదోని మార్కెట్ యార్డుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక బార్ అండ్ రెస్టారెంటులో సప్లయర్‌గా ఉన్నాను. సప్లయర్ అంటే టేబుల్ తుడిచి, మందు, సోడా, తినేవి అందించేవాడు. పదిహేనేళ్లుగా నాది ఇదే పని. ఎన్ని వేల గ్లాసులు పెట్టానో! వాటిలో ఒక్కటి పెట్టకుండా ఉండి ఉంటే బాగుండేదని ఇప్పటికీ ఏడుస్తాను.

మా పనిలో రోజూ వచ్చేవాణ్ణి 'రెగ్యులర్' అంటాం. వాణ్ణి ఏం కావాలని అడగడం సప్లయర్‌కు నామోషీ. మనిషి గడప తొక్కగానే వాడి సరుకు టేబుల్ మీద ఉండాలి. ఈ విద్యలో నన్ను మించినవాడు లేడని నాకు మహా పొగరు.

దేవదానం యార్డులో హమాలీ. దేవనకొండ వైపు మనిషి. పత్తి బోరాలు దించి, మధ్యాహ్నం పూట చేతులు కడుక్కునే చోటు పక్కనున్న టేబుల్ దగ్గర కూర్చునేవాడు. ఒక క్వార్టర్, ఒక సోడా, ఉడకబెట్టిన శనక్కాయలు. "నాగన్నా, నా పెండ్లాం కన్నా నీకే నా సంగతి బాగా తెల్సు" అని నవ్వేవాడు. నేను ఉబ్బిపోయేవాణ్ణి.

పత్తి సీజన్ మధ్యలో మనిషి కనబడకుండా పోయాడు. నెల దాటాక ఒక మధ్యాహ్నం వచ్చాడు. చొక్కా వదులైపోయింది, కళ్లు పచ్చగా ఉన్నాయి. చూశాను, కానీ నేను ఆగితే కదా! అతను కూర్చునేలోపే సీలు తిప్పి, గ్లాసులో పోసి, సోడా కలిపేశాను.

"అన్నా, ఈ పొద్దు నేను..." అన్నాడు.

"యాడికి పోయినావప్పా ఇన్ని దినాలు? నీ టేబుల్ సూసినప్పుడల్లా మనసు సివుక్కుమంటాండె. ముందు తాగు, మాటలు తర్వాత" అన్నాను.

గ్లాసు వైపు చాలాసేపు చూశాడు. నా మొహం చూసి నవ్వి, ఎత్తి తాగేశాడు. అడగకముందే 'రిపీట్', అంటే మళ్లీ అదే, తెచ్చి పెట్టాను. ఆ రోజు నుంచి మూడు వారాలు రోజూ వచ్చాడు. తర్వాత రాలేదు.

ఒకరోజు పట్టపగలు ఒకామె బార్ మెట్ల దగ్గర నిలబడి నన్ను పిలిపించింది. తాను దేవదానం భార్య కరుణమ్మనని చెప్పింది.

"నాగన్నంటే నువ్వేనాప్పా?"

"నేనే వదినా. అన్న బాగుండాడా?"

"మట్టి సేసి పది దినాలాయె."

అంటే దేవదానాన్ని పూడ్చిపెట్టేశారు. లివర్ చెడిపోయింది, చుక్క ముట్టినా బతకవని కర్నూల్లో డాక్టరు ముందే చెప్పాడట.

"ముప్పై ఆరు దినాలు ముట్టలేదప్పా. కేలండర్లో గీతలు కొట్టుకుంటాండె. ఆ దినం యార్డు కాడ మెస్సు మూసినారని, మీ కాడ పెరుగన్నం తిందామని వచ్చినాడంట. నువ్వంత పిరియంగా పెడితివంట. వద్దంటే నొచ్చుకుంటావని తాగినాడంట. ఇంటికొచ్చి సిన్నపిల్లోని మాదిరి ఏడ్సినాడు. ఇంగ ఆపుకోలేకపాయె."

"నాకు తెలీదు వదినా..."

"ఏం కావాలప్పా అని ఒక్క మాట అడిగింటే సెప్పేటోడు కదా" అంది. కొంగుతో మొహం తుడుచుకుని షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయింది. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి ఎన్నేళ్లుగా వస్తున్నవాడైనా సరే, ఖాళీ చేతులతో వెళ్లి ఏం కావాలని అడుగుతాను. "రోజూ తాగేదే కదా, కొత్తగా అడిగేదేంది?" అని విసుక్కుంటారు. నాకు మతిమరుపు వచ్చిందంటాడు ఓనరు. అననీ. ఎప్పుడో ఒకసారి ఒకడు నేలచూపులు చూస్తూ, గొంతు తగ్గించి, "అన్నం ఉందాన్నా?" అంటాడు. ఇంకేమీ అడగను. పరుగున వెళ్లి తెచ్చి పెడతాను.

దేవదానానికి ఆ మాట అనే సందు నేను ఇవ్వలేదు.