గన్నవరం నుంచి జోధ్‌పూర్‌కి రెండు గంటలు

మార్టూరులో మా గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే కిషన్‌ది రాజస్థాన్‌లోని జోధ్‌పూర్. ఈ రోజు పొద్దున్నే వాళ్ల నాన్న పోయాడని కబురొచ్చింది. పెద్దకొడుకుగా ఇతనే తలకొరివి పెట్టాలి, అదీ పొద్దుగూకేలోపే.

సూపర్‌వైజర్ని కదా, అన్నీ నాకే తెలుసన్నట్టు ఫోన్ తీశాను. గన్నవరం, జోధ్‌పూర్ అని కొడితే విమానంలో రెండు గంటలని చూపించింది. వెంటనే నాకొచ్చిన హిందీలో వాళ్ల బాబాయికి చెప్పేశాను, సాయంత్రంలోపు వచ్చేస్తాడు, శవాన్ని ఎత్తకండని. కిషన్‌ని కారెక్కించుకుని గన్నవరం వెళ్లాను.

కౌంటర్‌లో అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "డైరెక్ట్ ఫ్లైట్ లేదండి. రెండు చోట్ల మారాలి. రేపు మధ్యాహ్నానికి చేరతారు."

"ఇందులో రెండు గంటలని ఉందేంటమ్మా?"

"అది మ్యాపులో గీత గీసి కట్టిన లెక్కండి. ఆ దారిలో విమానం లేదు."

లేని విమానానికి టైము చెప్పడమెందుకో!

కిషన్ వాళ్ల బాబాయి నంబరు కలిపి ఫోన్ నా చేతిలో పెట్టాడు. "మీరు చెప్పారు కదా సార్, మీరే చెప్పండి."

నేను నోరు తెరిచేలోపే ఆ పెద్దాయన అడిగాడు, "ఎక్కేశాడా బాబూ? సాయంత్రానికే వస్తాడన్నారుగా, ఐసు కూడా తెప్పించలేదు."

మీరైతే ఏం చెప్పేవారు?