దారాలు కట్టిన నారు

మా ఇంటి వెనక పచ్చ నెట్ కింద నేను కూరగాయల నారు పెంచుతాను. ఎమ్మిగనూరులో మగ్గం నేసిన మా ఆయన పోయాక ఇదే నా బతుకు. తెల్లారి నీళ్లు చల్లితే ట్రేల మీద సన్నటి పొగలాంటిది లేస్తుంది. ఆ నీడలో సగం నిద్రలో ఉన్నట్టు తిరుగుతాను.

నాకు కూడబలుక్కుని చదవడం తప్ప రాదు. చీటీలకు బదులు మగ్గం దగ్గర మిగిలిన దారపు ముక్కలు ట్రేలకు కట్టేదాన్ని. కారం మిరపకు ఎర్రది, టమాటకు పసుపు, పొడుగు వంగకు నీలం. ఆయన ఇష్టంగా తిన్న ముళ్ల వంగకు తెల్లది. మొదట అంతే. ఆదోని సంతలో బజ్జీ మిరప లేదా, పుల్ల టమాట లేదా అని అడిగేవాళ్లు. లేదనడానికి నోరు రాక రకాలు పెంచుతూ పోయాను. కారం మిరప ఎరుపు పక్కన బజ్జీ మిరపకు నారింజ, దాని పక్కన ఇంకో రకానికి గులాబీ. నెట్ కింద నడుస్తుంటే ఎవరో విప్పి పరిచిన చీర మీద నడుస్తున్నట్టుండేది.

ఎండకు ఆ చీర వెలిసిపోయింది. ఎరుపూ నారింజా ఒకటైపోయాయి.

అప్పుడే ఒక సంతనాడు, నారు కొనడానికి హొళగుంద నుంచి వచ్చే ఆమె నా గంప ముందు కూర్చుని, లావుపాటి మిరపకాయ ఒకటి తీసి పెట్టింది.

"ఇదేనా అక్కా నువ్విచ్చిన కారం మిరప నారుకు కాసింది? మా ఆయన పచ్చడి తిని, చక్కెర ఏమన్నా ఏసినావా అని అడిగినాడు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ఇంగొకసారి ఇట్లయితే మా ఊరోళ్లెవరూ నీకాడికి రారు, సూడు."

ఆ సాయంత్రం నెట్ కింద కూర్చున్నాను. వెలుగు తగ్గేకొద్దీ ఒకదానికొకటి తేడా తెలియని దారాల్లో ఒక్కోటి ఉంచి, మిగతావన్నీ విప్పేశాను. దారం లేని ట్రే ఇక సంతకు పోదు. గులాబీ పోయింది, నారింజ పోయింది. తెల్లదీ, వెలిసిన పసుపూ ఒకటిగానే కనిపించాయి. టమాట లేకపోతే సంతే లేదు. ముళ్ల వంగ అడిగేవాళ్లు తక్కువ. తెల్లదారం విప్పి, చాలాసేపు వేళ్లకు చుట్టుకుంటూ ఉండిపోయాను. మగ్గం చప్పుడు లోపలి నుంచి వస్తున్నట్టే ఉంది.

చీకట్లో ఆ ట్రే పక్కకు జరపబోతే ఆకు మీది ముల్లు వేలికి గుచ్చుకుంది.

మళ్లీ సంతకు ఆ హొళగుంద ఆమె వచ్చింది.

"ఏందక్కా, సగం అంగడి యాడ పోయె?"

"కండ్లకు ఆనేటివే తెచ్చినాను."

"దీనికి దారం లేదే?"

"ముట్టి సూడు."

ముట్టి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. వేలు నోట్లో పెట్టుకుని నవ్వింది.

"దీన్ని మాత్రం నువ్వు మార్చియ్యలేవులే. ఎర్ర దారందీ, ఇదీ, రెండూ కట్టియ్యి."