సవతి పేరు పెట్టుకున్న ఓడ

నాకు సవతి లేదన్న మాటే గాని, ఒక ఓడ ఉండేది. ఎనభైల్లో, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్ వరండాలో, నేను వడియాలు ఎండబెట్టుకునే బల్లని ఆక్రమించుకుని కూర్చుంది.

మా ఆయన వ్యాగన్ షెడ్‌లో వడ్రంగి. పుట్టింది భీమిలిలో, డచ్చివాళ్ళ సమాధుల పక్క వీధిలో. సదర్ బజార్‌లో పాత పుస్తకాల కొట్లో ఆయనకి ఓడల బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. అందులో వందేళ్ళు దాటిన డచ్చి సరుకు ఓడ మీద మనసు పడ్డారు. విశ్వకర్మ పూజ నాటికి దాని నమూనా చెక్కి షెడ్‌లో దేవుడి ముందు పెట్టాలని పంతం పట్టారు. ఏడాదికి ఆ ఒక్కరోజే మా ఆడవాళ్ళని షెడ్‌లోకి రానిచ్చేవారు.

డ్యూటీ దిగితే ఓడే. అన్నం చల్లారిపోతున్నా ఓడే. దాని చరిత్ర కూడా రైలు పెట్టె చరిత్రలాగే చెప్పేవారు.

"కొత్తలో జావా ఎల్లి కాఫీ, పంచదార తెచ్చీది. పొగ ఓడలొచ్చీసరికి పని తగ్గిపోనాది. నార్వే వాళ్ళకి అమ్మీసారు, కలప మోసింది. ఆఖరికి తెరచాప కొయ్యలు కోసీసి, రేవులో బొగ్గు గోదాం చేసీసారు. పనికిరాని మన వ్యాగన్ కండెమ్ అయినట్టే."

"దాని పేరేటి?" అన్నాను.

ఓడ మొదటి యజమాని భార్య పేరట. నోరు తిరగని ఆ డచ్చి పేరుని తప్పు లేకుండా, ముద్దుగా పలికారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరు పిల్లలు పుట్టినా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. మా అత్తవారింట మగాళ్ళకి ఆ అలవాటే లేదు. "ఏమే", "ఇదిగో", నలుగురిలో అయితే "మా ఇంట్లోది". ఎప్పుడో పోయిన తెల్లావిడ పేరు మాత్రం నా వరండాలో రోజుకి పదిసార్లు! ఏడవలేదు గాని, గిన్నెలు ఎత్తెత్తి పడేసేదాన్ని. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నా పేరు ఆయన నోట వినాలని ఉండేది.

పూజ ముందురోజు సాయంత్రం, ఓడ వెనక భాగాన తెల్లరంగుతో ఆ పేరు రాయబోతుంటే అడ్డం పడ్డాను.

"నార్వే వాళ్ళు కొన్నాక కూడా అదే పేరేటి?"

"కాదే. ఎవులు కొంటే ఆళ్ళు మార్చీసుకుంటారు."

"అచ్ఛా. అయితే నాకు అమ్మీయండి."

"కొనడానికి నీ దగ్గరేటుంది?"

"ఇన్నాళ్ళూ వండి పెట్టాను. చాల్దేటి?"

ఆయన నవ్వలేదు. కుంచెని మళ్ళీ తెల్లరంగులో ముంచారు. తరువాత, వ్యాగన్ మీద నంబరు వేసినంత శ్రద్ధగా నా పేరు రాశారు. అక్షరాలు సరిగ్గా కుదిరాయో లేదో చూసుకోవడానికి పైకి చదివారు.

ఎంత ముద్దుగా చదివారో! కానీ చూస్తున్నది ఓడని. నేను పక్కనే నిలబడి ఉన్నాను.