ఎర్రనీళ్ళు పసుపైన రోజు

ఈ సంగతి ఇంతకాలం రాయకపోవడానికి కారణం చిన్నదే. నాకు రాయడం వచ్చేది కాదు. అరవై దాటాక మనవరాలు తన పాత పలక నా ఒళ్ళో పెట్టి, రోజూ నాతో జడ వేయించుకున్నాక అక్షరాలు దిద్దించేది. జడ వంకరపోయినా దానికే కోపం, అక్షరం వంకరపోయినా దానికే కోపం. మొన్న దాని తెల్లచొక్కా మీద పప్పు మరకకు సబ్బు రుద్దితే ఎర్రగా తిరిగింది. "అవ్వా, రక్తం!" అని అరిచింది. రక్తం కాదు, పసుపుకు సబ్బు తగిలితే అంతే అన్నాను. "నీకెవరు చెప్పారు?" అంది. చెప్పినాయన గుర్తొచ్చి, నా చేతులు ఆ సబ్బునీళ్ళలోనే ఉండిపోయాయి.

మాది ఆలూరు దగ్గర పల్లె. బడి అంటే ఒకటే గది, తరగతులన్నీ అందులోనే. అయ్యవారు కడప వైపు నుంచి వచ్చినవాడు. వాన ఎరగని మా ఊళ్ళో ఎప్పుడూ గొడుగు వేసుకొని తిరిగేవాడు. అది చూసి పశువులు కూడా బెదిరేవి. నన్ను బడికి పంపమని నాయనతో పోట్లాడింది మా జేజి, నాయన తల్లి. "పాపకు రెండక్షరాలొస్తే మంత్రాలయం పోయేటప్పుడు ఏ బస్సెక్కాల్నో అదే చెప్తాది. నీ మాదిరి దోవలో కనపడినోళ్ళనంతా అడగాల్నా?" అంది. నాయన మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. అలా తోటివాళ్ళకన్నా బాగా పెద్దదాన్నై, ఒకటో తరగతిలో పసివాళ్ళ పక్కన, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముడుచుకొని కూర్చున్నాను. ఇంకా 'అ ఆ'ల దగ్గరే ఉన్నాను.

ఒకరోజు అయ్యవారు పాఠం చెప్పకుండా తలా ఒక మూకుడులో పసుపునీళ్ళు పోసి ఇచ్చాడు. గదిలోనూ వాకిట్లోనూ కొన్ని వస్తువులు దాచాడట. వెతికి తెచ్చి ఆ నీళ్ళలో కొంచెం వేసి చూడాలి. ఎర్రబడితే మూకుడు తూర్పు గోడ దగ్గర పెట్టాలి, లేకపోతే పడమటి గోడ దగ్గర. ఇంక చూడండి, బడి సంతలా మారింది. చూరులో పొయ్యి బూడిద పొట్లం, తలుపు వెనక చాకళ్ళు గుడ్డలుతికే చవుడు, గంట కింద ఉప్పు, అయ్యవారి గొడుగులోనే బెల్లం. నాకు కిటికీ మీద తమలపాకుల సున్నం దొరికింది. నీళ్ళలో వేశాను. నా చేతిలోనే భగ్గుమని ఎర్రబడ్డాయి. "క్షారం!" అన్నాడు అయ్యవారు. మాకు ఆ మాటకు నోరు తిరగలేదుగానీ అందరం గట్టిగా అరిచాం.

అప్పుడే గడపలో జేజి కనపడింది. ఇంట్లో నెలల తమ్ముడికి జ్వరం. వాణ్ణి ఎత్తుకోవడానికి నన్ను తీసుకుపోదామని వచ్చింది. ఆ పొద్దునే వాడికి పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. అవే నీళ్ళు నా చేతుల్లో చూసి నిలబడిపోయింది.

"ఏమప్పా అయ్యవారూ, పిల్లోళ్ళ చేత ఏం చేపిస్తాండావు?"

"ఏమీ లేదు అవ్వా, ఇది పాఠం."

"ఇది ఉత్త పసుపూ సున్నమే జేజీ," అన్నాను నేను.

"నాకు తెలీదా? దినామూ కలిపేదాన్ని నేనే కదా!"

పాపం, అయ్యవారు ఆమెను నమ్మించాలనే అనుకున్నాడు. దాచిన చింతపండు ఎవరికీ దొరకలేదు. దాన్ని తనే తీసి నా మూకుడులో పిండాడు. ఎర్రనీళ్ళు మళ్ళీ పసుపయ్యాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. జేజి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"తీసిన దిష్టిని మళ్ళా బిడ్డ మీదికే పంపిస్తివే సామీ!"

జేజి నా రెక్క పట్టుకొని నడిచింది. దారిలో ఆమె తిట్టలేదు, ఏడ్చింది. అందుకే నేను చెయ్యి విడిపించుకోలేకపోయాను. ఆ సాయంత్రం తమ్ముడికి జ్వరం పెరిగింది. వాడికి ఏమీ కాలేదు, ముందే చెబుతున్నాను. ఇప్పుడు ఆదోనిలో ఉన్నాడు, ఇది చెబితే పొట్ట పట్టుకొని నవ్వుతాడు. కానీ ఆ సాయంత్రం ఎవరూ నవ్వలేదు. "ఇంగ బడి వద్దు" అంది జేజి. పంపమన్నప్పుడు పంపినట్లే, వద్దన్నప్పుడు నాయన మానిపించాడు.

మర్నాడు పొద్దున జేజి మళ్ళీ నీళ్ళు కలిపింది. తమ్ముడి చుట్టూ తిప్పి గిన్నె నా చేతికిచ్చింది. "మూడుబాటల కాడ పోసి రాపో. పోసినంక ఎనక్కి తిరిగి సూడొద్దు, తమ్మునికి మంచిది కాదు." మూడుబాటల అవతలే బడి. పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. నీళ్ళు పోశాను. ఇంటివైపు తిరిగి రెండడుగులు వేశానో లేదో, వెనక నుంచి అయ్యవారి గొంతు వినపడింది: "పాపా, లోపలికి రా అమ్మా." ఖాళీ గిన్నెను రెండు చేతులా పొట్టకు అదుముకొని, తల తిప్పకుండా ఇల్లు చేరాను. ఆ పొద్దున తిప్పని తల, ఇన్నేళ్ళకు ఇప్పుడు తిప్పుతున్నాను.