ఎల్లారెడ్డి బస్సులో నీలం దస్తీ

ఎల్లారెడ్డిలో ఉండే నా పాత స్నేహితుడు క్రిస్మస్ భోజనానికి ముందురోజే రమ్మన్నాడు. అతని ఇంటి బిర్యానీ మీద నాకున్న భక్తి తక్కువది కాదు కనుక బీబీపేట నుంచి షేర్ ఆటోలో కామారెడ్డి చేరాను. బస్టాండులో చాయ్ తాగి, మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో బస్సెక్కాను. లింగంపేట మీదుగా గంట పైచిలుకు ప్రయాణం. ఆడవాళ్లకు టికెట్ లేదు, మగవాళ్లకు సీటు లేదు.

ముందువైపు ఒక్క సీటు ఖాళీ. దాని మీద నీలం దస్తీ. మా వైపు దస్తీ అంటే చేతిరుమాలు మాత్రమే కాదు, పట్టా కాగితం. భూముల మీద తరాల తగాదాలు చూశాను గానీ, కిటికీలోంచి సీటు మీద వేసిన దస్తీని తీసిపారేసిన మొనగాణ్ని చూడలేదు. ఆ మొనగాడివి నువ్వే కమ్మని నా మోకాళ్లు పోరుపెట్టాయి.

"బాపూ, ఆ సీటుకు మనిషున్నడు," అంది ఆ దస్తీ వేసి పక్కన నిలబడ్డ ఒకామె. పేరు మరియమ్మ. ఆసుపత్రిలో ఊడ్చే పని ముగించుకుని ఇంటికి పోతోంది.

"ఎవరు బిడ్డా?"

"ఎవరో నాకేమెర్క? డయాలిసిస్ అయినోళ్లు ఈ బస్సుకే వస్తరు. నిలబడితే కండ్లు తిరిగి పడతరు."

"అందాక నువ్వన్న కూసోరాదు?"

"కూసుంటే లేవబుద్ధి గాదు బాపూ. నా సంగతి నాకెర్క."

కండక్టర్ విసుక్కున్నాడు. "ఇగ ఎవరు రారక్కా. రోజూ గిదే లొల్లి! రైట్, రైట్!"

బస్సు కదిలింది. "బాపూ, జర సీటు చూస్తుండు," అని నాకే కాపలా అప్పగించి, మరియమ్మ తలుపు దగ్గరికి పోయి రేకు మీద దబదబా బాదింది. "ఆపన్నా! వస్తుండ్రు!"

ఈలోగా ఒక పడుచువాడు కూర్చోబోయాడు. "ఏయ్, మనిషున్నడు!" అని అరిచింది నేనే.

బస్సు ఆగింది. భార్య భుజం పట్టుకుని, చేతికి కట్టుతో ఒక రైతు ఎక్కాడు. కూర్చుని ఊపిరి తీసుకుని, మరియమ్మ చేతిలోని సంచి లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాడు. పేరు ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

లింగంపేట దాటాక అడిగాను. "రోజూ ఎందుకు బిడ్డా గీ కొట్లాట?"

"మా ఏసయ్య పుట్టినప్పుడు నిండు చూలాలికి సత్రంల జాగ లేదన్నరు బాపూ. యాదికొస్తే ఇప్పటికీ కోపమొస్తది. నేనున్న బస్సుల గా మాట అననియ్య."

మర్నాడు స్నేహితుడితో చర్చికి వెళ్లి ప్రసంగమంతా విన్నాను, బిర్యానీ రెండుసార్లు వడ్డించుకున్నాను. రెండూ బాగున్నాయి. వెంట వచ్చింది మాత్రం ఆమె కోపమే. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: సంచిలో రెండు దస్తీలు పెట్టుకోండి. ఒకటి ముఖం తుడుచుకోవడానికి. రెండోది సీటు మీద వేసి, మీరు నిలబడే ఉండండి. కూర్చుంటే లేవబుద్ధి కాదు.